బాలబడి చరిత్ర – సంఘపు వసారాలో మొదలైన విద్య

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదక సంఘమువారు కోరినప్పుడు, మన ఉన్నత పాఠశాలల గూర్చి, ఆసుపత్రుల గూర్చి, బోర్డింగుల గూర్చి వ్రాసేవారు చాలామంది ఉంటారని నాకు తెలుసు. ఆ సంస్థలకు శిలాఫలకాలున్నాయి, రిజిస్టర్లున్నాయి, గోడలమీద గ్రూపు ఫోటోలున్నాయి. నేను ఎన్నుకొన్న సంగతికి ఇవేవీ లేవు. మూడేండ్లు మొదలు ఆరేండ్ల లోపు బిడ్డలు చాపమీద కూర్చుండే చిన్నబడి గూర్చి వ్రాయదలచాను. బాలబడి అనండి, శిశు తరగతి అనండి, నర్సరీ అనండి, అంగన్‌వాడీ అనండి, పేరు ఏదైనా సంగతి ఒక్కటే.

ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తుకొని ఆశీర్వదించిన భాగముమీద మనము బాలల ఆదివారమున తప్పక ప్రసంగిస్తాము. బిడ్డలకు బిస్కట్లు పంచుతాము. మరునాడు సోమవారము ఉదయము తల్లి నాట్లకు వెళ్లిన తరువాత ఆ బిడ్డ ఎక్కడ ఉంటాడు, ఎవరి దగ్గర ఉంటాడు, ఏమి చేస్తుంటాడు అని అడిగే ప్రసంగికులు తక్కువ. నేనును చాలా ఏండ్లు అడగలేదు. అయితే రెండువందల యేబది ఏండ్ల క్రితము ఒక పాస్టరు ఈ ప్రశ్న అడిగాడు. అందుచేతనే ఈ చరిత్ర మనకు, అనగా సంఘమునకు చెందిన చరిత్ర అని ధైర్యముగా చెప్పగలుగుతున్నాను.

ఆయనకంటె ముందు ఒక బిషప్పును స్మరించవలెను. బొహీమియా దేశపు సహోదర సంఘమునకు చివరి బిషప్పైన జాన్ ఆమోస్ కొమేనియస్ 1592లో జన్మించాడు. ముప్పది సంవత్సరముల యుద్ధములో ఇల్లు వాకిలి, పుస్తకములు, భార్యాబిడ్డలు పోగొట్టుకొని 1628లో పోలండు దేశములోని లెష్నోకు పరదేశిగా వెళ్లాడు. అక్కడ ఉండగా మొదటి ఆరేండ్ల వయస్సు గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. అది 1633లో జర్మను భాషలో అచ్చయింది. తల్లి ఒడియే మొదటి పాఠశాల అని, వెలుగు చీకటి, రాయి చెట్టు, నిన్న రేపు అనే వాటిని బిడ్డ అక్కడనే నేర్చుకొంటాడని, ఆటను అడ్డగించరాదని ఆయన అభిప్రాయము. 1658లో ఆయన ప్రచురించిన బొమ్మల పాఠ్యపుస్తకము ఐరోపా అంతట వాడుకలోనికి వచ్చింది. కాని తల్లి ఒడి ఖాళీగా లేనప్పుడు ఏమి చేయవలెను? పొలములోనో మిల్లులోనో పనిచేసే తల్లికి ఆ ఒడి పాఠశాల నడిపే తీరిక ఎక్కడిది? దీనికి జవాబు మరియొక వంద సంవత్సరములకు పైగా ఆగి వచ్చింది.

ఆ జవాబు ఇచ్చిన పాస్టరు పేరు జాన్ ఫ్రెడరిక్ ఓబెర్లిన్. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివేటప్పుడు ఈ పేరు ఒక్కసారి విన్నాను. అమెరికాలో 1833లో స్థాపించబడిన ఓబెర్లిన్ కళాశాలకు ఆ పేరు ఈయన జ్ఞాపకార్థమే పెట్టారని మా అధ్యాపకులు చెప్పి ముందుకు సాగిపోయారు. పరీక్షలో రాలేదు గనుక నేను మరచిపోయాను. తరువాత పాస్టరేటు బాధ్యతలు తీసుకొన్నాక ఆయన జీవిత చరిత్ర నా చేతికి వచ్చింది. అప్పటినుండి ఆయన నన్ను వదలలేదు.

ఓబెర్లిన్ 1740లో స్ట్రాస్‌బర్గు పట్టణములో పుట్టాడు. చదువు ముగించి ఒక పటాలములో చాప్లెయిన్‌గా వెళ్లవలెనని అనుకొంటుండగా స్టూబర్ అనే పాస్టరు వెదకుకొంటూ వచ్చాడు. అప్పుడు ఓబెర్లిన్ పంటినొప్పితో మేడగదిలో పడుకొని ఉన్నాడని, మంచానికి కాగితపు తెరలు కట్టుకొన్నాడని, బల్లపైన రొట్టె ముక్కలు ఉడికించుకొనే చిన్న పెనము వ్రేలాడుతున్నదని చెబుతారు. ఆ దరిద్రము చూచి స్టూబర్ సంతోషించాడట. నా సంఘమునకు కావలసినవాడు ఇతడే అనుకొన్నాడట! మన సెలెక్షను బోర్డులు ఈ పద్ధతిని ఇంకా అవలంబించలేదు.

ఆ సంఘము వోజ్ కొండలలోని బాన్ ద లా రోష్ అనే ప్రాంతములో ఉంది. జర్మను భాషలో దానికి రాళ్ల లోయ అని పేరు. పేరుకు తగిన నేల. వాల్డెర్స్‌బాఖ్, బెల్మోన్, బెల్‌ఫోస్, ఫూదే, సోల్‌బాఖ్ మొదలైన కొండపల్లెలు. యుద్ధములచేత చితికిపోయిన జనము. బయటి ఊరికి సరియైన బాటలేదు, ఏరు దాటడానికి వంతెనలేదు. 1767లో ఓబెర్లిన్ వాల్డెర్స్‌బాఖ్ పాస్టరు ఇంటిలో దిగాడు. 1826లో మరణించేవరకు, 59 ఏండ్లు, అక్కడే ఉన్నాడు. బదిలీ అడగలేదు.

ఆయన గునపము భుజాన వేసుకొని బాట త్రవ్వడానికి ముందు నడిచిన కథ, బ్రూష్ ఏటిమీద కట్టించిన వంతెనకు ప్రేమ వంతెన అని పేరు వచ్చిన కథ, బాప్తిస్మ నిర్ధారణకు సిద్ధపడే ప్రతి పిల్లవాడు రెండు చెట్లు నాటినట్లు రుజువు తేవలెనని నియమము పెట్టిన కథ మీలో కొందరు విన్నారేమో. ఆ కథలలో మునిగితే నేను చెప్పదలచినది మిగిలిపోతుంది.

ఆయన గ్రామములలో తిరిగేటప్పుడు పెద్ద పిల్లలకు బడి ఉన్నది గాని, చిన్నపిల్లలు తలిదండ్రులు పనికి వెళ్లగానే వీధిలో గాలికి తిరగడము చూశాడు. అదే సమయములో బెల్మోన్ గ్రామములో సారా బాంజే అనే యువతి తన చుట్టూ చిన్నపిల్లలను చేర్చుకొని అల్లిక పని నేర్పిస్తున్నది. ఆమెను ఎవరూ నియమించలేదు. ఆమెకు ఉపాధ్యాయ శిక్షణ లేదు. ఓబెర్లిన్, ఆయన భార్య సలోమే కలిసి 1769లో ఆమెకు జీతము ఏర్పరచి, ఆమె చేస్తున్న పనినే ఒక పాఠశాలగా నిలబెట్టారు. తరువాత ఇతర గ్రామాలలో కూడ గది అద్దెకు తీసుకొని ఒక్కొక్కచోట స్త్రీలను నియమించారు. మొదట ఆ ఖర్చు పాస్టరుగారి సొంత సంచిలోనుండి వచ్చింది. పాస్టరు జీతము ఎంత ఉంటుందో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ చిన్నబడులలో ఏమి జరిగేది? రెండు మూడేండ్ల బిడ్డలు ఆడుకొంటూ, కాసేపు నెమ్మదిగా కూర్చుండడము నేర్చుకొనేవారు. అయిదారేండ్లవారు ఊలుతో అల్లడము, నూలు వడకడము, కుట్టు నేర్చుకొనేవారు. చేతులు అలసిపోగానే ఉపాధ్యాయిని రంగు బొమ్మలు చూపించి బైబిలు కథలు, పక్షుల సంగతులు, మొక్కల సంగతులు చెప్పేది. చెక్కమీద చెక్కిన పటములు ఉండేవి. ముందుగా తమ ఊరు, తరువాత చుట్టుపట్ల ఊళ్లు, ఆ తరువాత తమ రాష్ట్రము, చివరకు దేశము. ఎండ కాచినప్పుడు పిల్లలను కొండమీదికి తీసికొనిపోయి ఆకులు, పూవులు ఏరించి పేర్లు చెప్పించేవారు. కీర్తనలు పాడించేవారు. బెత్తము లేదు.

అల్లిక పని గూర్చి ఒక మాట. ఇది పిల్లలచేత కూలిపని చేయించడము కాదా అని ఎవరైనా అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజులలో బీదవాని బిడ్డ ఏదో ఒక పని నేర్చుకొంటే తప్ప తలిదండ్రులు బడికి పంపేవారు కారు. కాని చిన్న వ్రేళ్లు ఊలుదారముతో ముడి వేయడము, కుట్లు లెక్కపెట్టడము, తప్పితే విప్పి మరల వేయడము, ఇవన్నీ బిడ్డ చేతికి, కంటికి, ఓర్పుకు శిక్షణ అని ఇప్పటి శిశువిద్యా నిపుణులు ఒప్పుకొంటారు. పలకమీద 'అ' దిద్దడానికి ముందు వ్రేళ్లకు బలము రావలెను. మన ఇండ్లలో చింతపిక్కలు ఏరించే అవ్వలకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు, అయినా తెలుసు.

ఒక్క విషయములో మాత్రము ఓబెర్లిన్ గారితో నేను ఏకీభవించలేను. ఆ కొండ ప్రజలు మాట్లాడే యాసను మోటు మాటగా ఎంచి, చిన్నబడులలో పిల్లలచేత శుద్ధమైన ఫ్రెంచి భాష పలికించవలెనని ఆయన పట్టుదల. ఉద్యోగాలకు, వ్యాపారానికి ఆ భాష అవసరమని ఆయన తలంపు. ఈ తలంపు మన తలిదండ్రులకు బాగా పరిచయమైనదే గదా. చిన్నబిడ్డ ఇంటి మాటలోనే సంగతులను త్వరగా గ్రహిస్తాడని 2020 జాతీయ విద్యా విధానము కూడ చెబుతున్నది. ఆయన కాలమునకు ఆ జ్ఞానము రాలేదు. మన కాలమునకు వచ్చినా మనము వినడములేదు.

సారా బాంజే 1774లో ముప్పది ఏండ్లు నిండకముందే మరణించింది. ఆ పని ఆగిపోలేదు. బెల్‌ఫోస్ గ్రామపు బీద బాలిక లూయీజ్ షెప్లెర్ పదునైదేండ్ల వయస్సులో పాస్టరుగారి ఇంటికి పనిపిల్లగా వచ్చి, త్వరలోనే చిన్నబడి ఉపాధ్యాయిని అయింది. 1783లో సలోమే అమ్మగారు చనిపోయినప్పుడు తల్లిలేని ఏడుగురు బిడ్డలను లూయీజ్ తన మీద వేసుకొంది. తనకు జీతము వద్దని, తనను ఇంటి కుమార్తెగా ఎంచుకొంటే చాలునని ఆమె ఓబెర్లిన్‌కు ఉత్తరము వ్రాసింది. ఉదయము పాస్టరు ఇంటి పని, పగలు ఊరూరా చిన్నబడులు. మంచులో కొండ దాటి వెళ్లిన దినములు ఎన్నో. ఓబెర్లిన్ తన చివరి పత్రములో తన బిడ్డలకు ఆస్తిని గాక లూయీజ్‌ను అప్పగించి, ఆమెను అక్కగా చూచుకొనుమని కోరాడు. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సద్గుణ బహుమానము ఇచ్చి గౌరవించింది. ఒక పనిపిల్ల, ఒక పల్లె బడిపంతులమ్మ, దేశపు పండితసభచేత సన్మానము పొందడము చిన్న సంగతి కాదు.

ఫ్రాన్సు దేశములో 1826 నుండి పట్టణాలలో బీద తల్లుల బిడ్డలకోసము ఇటువంటి ఆశ్రయ గృహములు ప్రారంభమైనాయి. 1881లో వాటినే ప్రభుత్వము 'తల్లి బడి' అనే అర్థము వచ్చే పేరుతో తన విద్యావ్యవస్థలో చేర్చుకొంది. ఈనాడు ఆ దేశములో మూడేండ్ల బిడ్డకు బడి తప్పనిసరి. 2019 నుండి అది చట్టము. ఆ చట్టము వెనుకకు వెళ్లి చూస్తే బెల్మోన్ గ్రామములో అల్లుకొంటూ కూర్చున్న ఒక యువతి కనబడుతుంది.

ఇంగ్లండులో ఈ పని వేరొక చేతిమీదుగా మొదలైంది. స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలు మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్ 1816 జనవరి 1వ తేదీన తన కూలివారి బిడ్డలకు బడి తెరిచాడు. నడక వచ్చిన బిడ్డ మొదలు చేర్చుకొన్నాడు. చదవడమే సరిగా రాని జేమ్స్ బుకానన్ అనే నేతగానిని, పదునేడేండ్ల మాలీ యంగ్ అనే బాలికను ఉపాధ్యాయులుగా పెట్టాడు. పిల్లలను కొట్టరాదు, కఠినముగా మాటలాడరాదు, పుస్తకములతో విసిగించరాదు అని వారికి ఆజ్ఞ. ఓవెన్ సంఘములకు మిత్రుడు కాడు, మన విశ్వాసమును బహిరంగముగా విమర్శించినవాడు. అయినను బిడ్డను కొట్టవద్దని అతడు ఆజ్ఞాపించిన ఆ దినములలో మన క్రైస్తవ పాఠశాలలలో బెత్తము బాగా ఆడుతున్నదని ఒప్పుకోవలసియున్నది.

బుకానన్ లండను వెళ్లి బడి పెట్టాడు. అతనిని చూచి నేర్చుకొన్న సామ్యూల్ విల్డర్‌స్పిన్ 1820లో స్పిటల్‌ఫీల్డ్సు అనే బీదల పేటలో మరియొకటి నడిపాడు. మొదటి ఉదయము తల్లులు వెళ్లిపోగానే ఒక బిడ్డ ఏడుపు అందుకొన్నాడు, తరువాత గది అంతా ఏడుపు. విల్డర్‌స్పిన్‌కు, అతని భార్యకు ఏమి చేయవలెనో తోచలేదు. చివరకు భార్య తలమీది రంగు రిబ్బను టోపీని ఒక కర్రకు తగిలించి అటూఇటూ ఆడిస్తూ గంతులు వేశాడు. గది నిశ్శబ్దమైంది, ఆ వెంటనే నవ్వు. పిల్లల చూపును, చెవిని పట్టుకోనిదే పాఠము లేదని ఆ ఉదయమే తాను నేర్చుకొన్నానని అతడు చెప్పుకొన్నాడు. జూన్ నెలలో మొదటి దినము అంగన్‌వాడీ గుమ్మములో నిలుచున్నవారికి ఈ కథ బాగా అర్థమౌతుంది.

మిషనరీలు ఈ పద్ధతిని త్వరగానే మన దేశమునకు తెచ్చారు. 1830ల నాటికి కలకత్తాలో శిశు పాఠశాలలు నడిచాయి. కాని బెంగాలీ బిడ్డలను మెట్ల బల్లమీద వరుసగా కూర్చుండబెట్టి ఇంగ్లీషు పద్యాలు చెప్పించిన చోట్ల టోపీ వచ్చింది గాని నవ్వు రాలేదు. తెలుగు మిషను క్షేత్రములలో ముఖ్యమైన సాధనము గ్రామ ఉపాధ్యాయుడు. పగలు బడి, రాత్రి ప్రార్థన. ఒకే పూరిపాకలో అన్ని తరగతులూ. ఆ పాకలో ఒక మూల శిశు తరగతి ఉండేది. ఇసుకలో అక్షరాలు దిద్దడము అక్కడ పని. అన్నయ్య అక్కయ్యల వెంట వచ్చిన చిన్నవారిని ఉపాధ్యాయుని భార్య చూచుకొనేది. ఆమె చేసిన పనికి జీతపు పట్టీలో వరుస లేదు.

ఇప్పుడు జర్మనీకి రావలెను. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ కూడ పాస్టరు కుమారుడే. 1782లో పుట్టాడు. తొమ్మిది నెలలకే తల్లి పోయింది, తండ్రికి ఆరు గ్రామాల పరిచర్యలో కుమారుని చూచే తీరిక లేకపోయింది. పాస్టరులమైన మనము ఈ వాక్యము దగ్గర కొంచెము ఆగవచ్చును. ఆ ఒంటరి బాల్యములో తోటయే అతనికి తోడు. పెద్దవాడై 1837లో బ్లాంకెన్‌బర్గులో చిన్నపిల్లల సంస్థ పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరు పెట్టాడు. ఊలు బంతి, చెక్క గోళము, ఘనము, స్తూపము, చిన్న చిన్న చెక్క ముక్కలు ఆయన పాఠ్యసామగ్రి. బంతి ఎటు తిప్పినా బంతియే. ఘనము త్రిప్పితే ఒకసారి మూల, ఒకసారి అంచు. బిడ్డ చేతితో తెలుసుకొన్నది తరువాత మాటగా, లెక్కగా మారుతుందని ఆయన నమ్మాడు. ఆట బిడ్డ పని అన్నాడు. మన ఆడపిల్లలు అరుగుమీద కట్టుకొన్న బొమ్మరిండ్లు, వండిన గుజ్జనగూళ్లు ఆయన చూచి ఉంటే ఎంత సంతోషించేవాడో! 1851లో ప్రష్యా ప్రభుత్వము ఈ పిల్లల తోటలను నాస్తికత్వము, విప్లవము నేర్పే చోట్లని నిషేధించింది. ఆయన అన్నకుమారుని రచనలను ఆయనవిగా పొరబడడము దీనికి ఒక కారణము. మరుసటి ఏడాది ఫ్రోబెల్ మరణించాడు. నిషేధము 1860లో తొలగింది. ఊలుబంతికి కూడ భయపడే ప్రభుత్వములు ఉంటాయి.

మరియా మాంటిస్సోరి గారు 1907 జనవరి 6వ తేదీన రోము నగరపు సాన్ లొరెంజో పేటలో కూలివారి బిడ్డలకు బాలగృహము తెరిచారు. ఆమె వైద్యురాలు. బిడ్డ ఎత్తుకు సరిపడే కుర్చీ, బిడ్డ చేతికి అందే అలమార, తన గుండీలు తానే పెట్టుకొనే అభ్యాసము. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధము కారణముగా 1946 వరకు మన దేశములోనే ఉండిపోయి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఈనాడు మన పట్టణాలలో ఆమె పేరు బోర్డుమీద కనిపించే బడులు చాలా ఉన్నాయి. ఆమె బడిని బీదల పేటలో పెట్టింది అనే సంగతి ఆ బోర్డులు చెప్పవు.

ఆ సంగతిని నిజముగా గ్రహించినవారు మన దేశపు వారే. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరులో బాలమందిరము ప్రారంభించాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర తీరమందలి బోర్డీ గ్రామములో, తరువాత 1957 నుండి కోస్బాడ్ కొండమీద వార్లీ గిరిజన బిడ్డలమధ్య పనిచేశారు. బడి కట్టారు, పేటలలోని బిడ్డలు రాలేదు. రానివారిని నిందించి ఇంటికి వెళ్లిపోలేదు ఆ స్త్రీలు. బడినే పేటలోని ముంగిలికి తీసికొనిపోయారు. ముందు పిల్లలకు స్నానము, తల దువ్వుట, తరువాత పాట, ఆట. కొనుక్కొన్న సామగ్రి బదులు గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి. అంగనము అంటే ముంగిలి. అంగన్‌వాడీ అనే మాట ఆ ముంగిలినుండి పుట్టింది. సారా బాంజే గూర్చి వారు విన్నారో లేదో గాని, ఆమె చేసినదే వారు చేశారు.

మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. ఆ మండలి ఇచ్చిన గ్రాంటులతో స్వచ్ఛంద సంస్థలు గ్రామాలలో బాల్వాడీలు నడిపాయి. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము 33 బ్లాకులలో మొదలై, తరువాత దేశమంతట వ్యాపించింది. తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్య బోధ, మూడు నుండి ఆరేండ్ల బిడ్డలకు చిన్నబడి అనే ఆరు సేవలు ఒకే గుమ్మములో. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరేండ్లలోపు బిడ్డల సంరక్షణ, విద్య రాజ్యము బాధ్యతలలో ఒకటిగా వ్రాసింది. 2020 విధానము మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు చదువును ఒకే పునాది దశగా ఎంచింది. కాగితముమీద ఇంతకంటె ఏమి కావలెను? కాని ఒక్క టీచరు, ఒక్క ఆయా, అన్ని రిజిస్టర్లు. గ్రుడ్డు లెక్క తప్పితే సంజాయిషీ అడుగుతారు గాని, కథ చెప్పకపోతే అడిగేవారు లేరు.

ఇంతకు చిన్నబడివలన బిడ్డకు నిజముగా మేలు కలుగుతుందా అని అడిగే పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. బిడ్డ ఇంటి దగ్గర పెరగడా, మేమందరము అట్లే పెరగలేదా అంటారు. అమెరికా దేశములో మిషిగను రాష్ట్రపు ఇప్సిలాంటి పట్టణములో 1962లో ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టారు. బీద నల్లజాతి కుటుంబాల బిడ్డలు 123 మందిని రెండు గుంపులుగా చేసి, 58 మందిని పెర్రీ పాఠశాలలోని చిన్నబడిలో చేర్చారు, 65 మందిని చేర్చలేదు. దినమునకు రెండున్నర గంటల బడి. అంతేకాక టీచరు ప్రతివారము ఇంటికి వెళ్లి తల్లితో కూర్చుండేది. ఆ బిడ్డలను నలుబదేండ్ల వయస్సు వచ్చేవరకు వెంబడించి చూశారు. మొదట వారి తెలివి పరీక్షల మార్కులు బాగా పెరిగాయి. కొన్ని ఏండ్లలో ఆ తేడా కరిగిపోయింది. ఇక్కడ ఆపి ఉంటే ఖర్చు వృథా అనుకొనేవారు. కాని నలుబదేండ్ల నాటికి హైస్కూలు చదువు ముగించినవారు చిన్నబడికి వెళ్లినవారిలో 65 శాతము, వెళ్లనివారిలో 45 శాతము. అయిదుసార్లు లేక అంతకుమించి అరెస్టయినవారు వెళ్లినవారిలో 36 శాతము, వెళ్లనివారిలో 55 శాతము. ఇది చిన్న గుంపు, ఒక్క పట్టణము. దానిమీద పెద్ద మేడ కట్టరాదు. కాని మిగిలినది మార్కు కాదు, మరియేదో అని మాత్రము తెలుస్తున్నది.

ఆ మరియేదో ఏమిటి? నేను చూచినంతమట్టుకు చెబుతాను. నాలుగేండ్ల బిడ్డ చింతపిక్కలను పెద్దవి ఒక ప్రక్క, చిన్నవి ఒక ప్రక్క పెట్టేటప్పుడు లెక్క పుడుతుంది. నిన్న విన్న కథను నేడు తప్పులతో తిరిగి చెప్పేటప్పుడు ముందు ఏది, వెనుక ఏది అనే క్రమము పుడుతుంది. ఉయ్యాల ఒక్కటే ఉండి పిల్లలు ఆరుగురు ఉన్నప్పుడు తన వంతువరకు ఆగడము పుడుతుంది. అమ్మ వెళ్లిపోయినా సాయంకాలము తిరిగి వస్తుందని ప్రతిదినము రుజువగుచుండగా ధైర్యము పుడుతుంది. అన్నము తినేముందు చెయ్యి కడుగుకొనేవాడు ఇంటికి వెళ్లి తాతచేత కూడ కడిగిస్తాడు. ఆరేండ్లకు బిడ్డ మెదడు పరిమాణములో పెద్దవాని మెదడులో సుమారు 90 శాతము అవుతుందని వైద్యులు చెబుతున్నారు. ఆ ఏండ్లు గడచినపిమ్మట మనము తెరిచే ట్యూషన్లు ఆలస్యముగా వచ్చిన అతిథులు.

ఇంతవరకు ఇతరుల చరిత్ర. ఇక మన ఇంటిది.

నేను 1980ల మొదట్లో ఒక గుడి వసారాలో నడిచిన బాలబడి బిడ్డను. మా అమ్మ నాట్లకు, కలుపుకు, కోతకు వెళ్లేది. ఆయమ్మ మమ్ములను ఇంటింటికీ వచ్చి పిలుచుకొనిపోయేది. గోధుమ రవ్వ ఉప్మా, ఒక తాడు ఉయ్యాల, చిరిగిన బైబిలు బొమ్మల చార్టు. యోనా చేప కడుపులో ఉండగా చీకటి ఎట్లుంటుందో చూపడానికి ఆమె మమ్మల్నందరినీ ఒక దుప్పటి క్రిందకు చేర్చేది. వేదాంత కళాశాలలో యోనా గ్రంథము హెబ్రీలో చదివినప్పుడు కూడ నాకు మొదట జ్ఞాపకము వచ్చింది ఆ దుప్పటి వాసనే.

అటువంటి నేను, పాస్టరునైన తరువాత, ఏమి చేశాను? కొన్ని సంవత్సరముల క్రితము నేను పనిచేసిన ఒక పాస్టరేటులో గుడి ప్రక్కగదిలో ఇటువంటి బాలబడియే మిగిలి ఉండేది. పదునెనిమిదిమంది బిడ్డలు, అందరూ కూలివారి బిడ్డలు. ఫీజు లేదు. ఆ గదిలో ఇంగ్లీషు మీడియము నర్సరీ పెడితే పాస్టరేటుకు ఆదాయము వస్తుందని, మన బిడ్డలు కూడ కాన్వెంటు బిడ్డలవలె అవుతారని కమిటీలో ప్రతిపాదన వచ్చింది. మంచి మనసుతోనే వచ్చింది. స్త్రీల మైత్రి తరఫున ఒక్క సహోదరి మాత్రము లేచి, 'అయ్యగారూ, ఆ పదునెనిమిదిమంది ఎటుపోవాలండి?' అని అడిగింది. చూద్దామమ్మా అన్నాను. తీర్మానము క్రింద అధ్యక్షుని హోదాలో నా సంతకము ఉంది.

నర్సరీ తెరిచాము. మూడేండ్ల బిడ్డకు ప్రవేశపరీక్ష పెట్టాము. రంగులు ఇంగ్లీషులో చెప్పలేనివాడు వెయిటింగు లిస్టు. మొదటి నెలలోనే నాలుగు గీతల కాపీపుస్తకము. ఒక బాబు పెన్సిలు పట్టలేక ఏడుస్తుంటే వాని వ్రేళ్లను టీచరు తన చేతితో బిగించి పట్టి వ్రాయించడము నేను వరండాలోనుండి చూశాను. ఆ టీచరును నేను తప్పుపట్టను. తలిదండ్రులు శనివారము నోటుపుస్తకము చూపించమని అడిగేవారు, మేము ఆమెను అడిగేవారము. ఆ పదునెనిమిదిమందిలో ముగ్గురో నలుగురో దూరములోని అంగన్‌వాడీకి వెళ్లారు. ఒక ఇంటిలో తొమ్మిదేండ్ల అక్క బడి మానేసి తమ్ముని ఎత్తుకొని గట్టుమీద కూర్చుండడము నా కండ్లతో చూశాను. ఒక చిన్నబడి మూసివేస్తే ఇద్దరి చదువు పోతుందని ఆ గట్టుమీద నాకు తెలిసింది.

ఓబెర్లిన్ జీవిత చరిత్ర నేను చదివినది ఆ తరువాతనే. ముందే చదివి ఉంటే సంతకము పెట్టేవాడను కానేమో. అట్లని గట్టిగా చెప్పలేను. ఆదాయము అనే మాటకు కమిటీ బల్లమీద బరువెక్కువ.

ప్రస్తుతము నేను ఉన్న పాస్టరేటులో, ఈ శతవార్షికము నిమిత్తము పాత లెక్కల పుస్తకములు తీసి దులిపాము. 1978 మొదలు పదకొండు సంవత్సరములు నెలనెలా ఒక వరుస కనబడింది: 'బాలబడి ఆయాకు'. దాని ఎదుట కొద్ది రూపాయలు. సున్నముకు, దీపము నూనెకు, బిషప్పుగారి రాకకు కొన్న పూలదండకు అన్నిటికీ వివరములు ఉన్నాయి. ఆయాకు మాత్రము పేరు లేదు. ఆదివారము ఆరాధన తరువాత పెద్దలను అడిగాను. ఆమె నల్లగా పొడుగ్గా ఉండేదన్నారు ఒకరు. పిల్లలకు పేలు చూచేదన్నారు. తాను ఆమె దగ్గరనే ఒకట్లు నేర్చుకొన్నానని ఈనాడు బ్యాంకులో పనిచేస్తున్న సహోదరుడు చెప్పాడు. పేరు ఎవరికీ రాలేదు. చివరకు వెనుక వరుసలో చాపమీద కూర్చున్న ఒక వృద్ధ తల్లి చెప్పింది. ఇద్దరూ ఒకే ఏడు బాప్తిస్మము పొందారట. నేను బాప్తిస్మపు రిజిస్టరు తెప్పించి చూశాను. ఉంది. లెక్కల పుస్తకములో ఆ మొదటి వరుస ప్రక్కన, ఎర్ర సిరాతో, ఆ పేరు వ్రాయించాను.

గది విషయము రాబోయే కమిటీ సమావేశపు అజెండాలో నాలుగవ అంశముగా ఉంది.